బరువు: వంశం నుంచి వచ్చింది ఎంత, మన ఇంట్లో పెరిగింది ఎంత

(ఆసిఫాబాద్‌లో జరిగిన మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నుంచి పొదుపులు, కిస్తులు, బకాయిలు విని విని మీ చెవులు నిండి ఉంటాయి. భోజనాలకు ముందు ఆరోగ్య ఉపసంఘానికి అర గంట ఇచ్చారు. ఆ అర గంటలో ఈసారి బరువు గురించి మాట్లాడదామనుకున్నాం.

వెనుక వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వడం న్యాయమే. పోయిన సభల్లో ఇదే మైకు ముందు రక్తం తక్కువ గురించి, బక్క పిల్లల గురించి మాట్లాడినం. తిర్యాణి, కెరమెరి గూడేల్లో ఇంకా తక్కువ బరువుతో పిల్లలు పుడుతుంటే, ఈ లావు ముచ్చట ఎవరి కోసమని అడగొచ్చు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఒకటి చెప్తాం, వినండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 30 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో నూటికి 19 మంది దాకా ఉండాల్సిన దానికంటే తక్కువ బరువున్నారు. అంటే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరి బరువు ఎటో ఒకవైపు తప్పింది. ఈ రెండూ వేరే వేరే ఊళ్లలో లేవు, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్నాయి. అత్తకు షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు. కోడలికి రక్తం లేదు. ఒకే పొయ్యి మీద వండిన అన్నమే ఇద్దరూ తింటున్నారు.

నెల మీటింగుల్లో బరువు మాట వస్తే మేము రెండు రకాల మాటలు విన్నాం. ఎవరికి వారు చెప్పుకునేది ఒకటి: "మా అవ్వ గిట్లనే ఉండె, మా అక్కలు గిట్లనే ఉన్నరు, మా ఒళ్లే అంత." పక్కవాళ్ల గురించి అనేది ఇంకొకటి: "తిని కూసుంటది, దొడ్డుగ కాకేమైతది?" మొదటి మాట అనుకున్న అక్క షుగర్ పరీక్షకు పోదు, పోయినా ఏం మారదనుకుంటుంది. రెండో మాట చెవిన పడిన అక్క మీటింగుకే రావడం మానేస్తుంది. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కొంతే ఉంది. ఎంత ఉందో చెప్పడమే ఇవాళ మా పని.

జన్యువు అనే మాట మన ప్రాంతానికి కొత్త కాదు. సికిల్ సెల్ వల్ల చాలామందికి తెలిసింది. 2023లో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైనాక గూడేల్లో పరీక్షలు జరిగాయి, కార్డులు ఇచ్చారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ ఆ మార్పు ఉన్న జన్యువులే అందితే పిల్లకు జబ్బు వస్తుంది. ఒకటే అందితే జబ్బు రాదు, మోసుకుని తిరుగుతుంది. అక్కడ జన్యువు మాటే చెల్లుతుంది. ఆ పిల్ల గట్క తిన్నా, బిర్యానీ తిన్నా, నడిచినా, కూర్చున్నా రక్త కణం కొడవలి ఆకారం పోదు.

బరువు అట్లా కాదు. బరువును అటూ ఇటూ జరిపే చోట్లు మన జన్యువుల్లో వందలు ఉన్నాయని తేలింది. ఒక్కొక్కటీ వేసేది చిటికెడు. మన భాషలో చెప్పాలంటే సికిల్ సెల్ ఒకేసారి నెత్తిన పడ్డ పెద్ద అప్పు. బరువు జన్యువులు పది రూపాయల పొదుపులు, అన్నీ కలిస్తేనే పుస్తకంలో లెక్క కనబడుతుంది. అందుకే ఒకే తల్లి పిల్లల్లో ఒకరు సన్నగా, ఒకరు బొద్దుగా ఉంటారు. ఎవరికి ఏ పది రూపాయలు దక్కాయో అది.

ఒకే జన్యువుతో మనిషి లావైన సంగతులూ లేకపోలేదు, చాలా అరుదు. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం లెప్టిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. మన కొవ్వే దాన్ని తయారు చేసి, "నిల్వ ఉంది, ఇక చాలు" అని మెదడుకు కబురు పంపుతుంది. 1997లో ఇంగ్లండ్‌లో పాకిస్తాన్ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లల్లో ఆ లెప్టిన్ తయారు కావడం లేదని గుర్తించారు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల 86 కిలోలు, ఆమె బంధువైన రెండేళ్ల పిల్లవాడు 29 కిలోలు. ఎంత తిన్నా ఆకలే. తల్లిదండ్రులవి దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు. లెప్టిన్ సూది మందు మొదలుపెట్టాక ఆ పిల్ల తిండి తగ్గింది, బరువు దిగింది. మేనరికాలు మనకూ ఉన్నాయి కాబట్టి చెప్తున్నాం: పాలు మరవకముందే పిల్ల విపరీతంగా లావవుతూ, ఎంత పెట్టినా ఆకలి అంటుంటే, దిష్టి తీసి ఊరుకోకండి, పెద్ద డాక్టరుకు చూపించండి. మిగతా మనందరిదీ ఆ లెక్క కాదు.

మరి మన లెక్క ఏంది? కెనడాలోని క్విబెక్‌లో క్లాడ్ బూషార్ అనే ఆయన చేసిన ప్రయోగం ఫలితాలు 1990లో వచ్చాయి. పన్నెండు జతల కవలలను తీసుకున్నారు. అచ్చు ఒకే జన్యువులున్న కవలలు, అందరూ పడుచు పిల్లగాళ్లే. వాళ్ల మామూలు తిండికి మించి రోజుకు 1000 కేలరీలు అదనంగా, వారానికి ఆరు రోజులు, వంద రోజుల పాటు పెట్టారు. ఊరికే తిండి, మన పెండ్లిళ్ల సీజన్ లాగ అనుకోండి. అందరికీ అదనంగా పడింది సమానమే. వంద రోజుల తర్వాత తూకం వేస్తే ఒకరు 4 కిలోలు పెరిగారు, ఒకరు 13 కిలోలు పెరిగారు. ఆ జతల్లో మాత్రం అన్నకు తమ్మునికి పెరుగుదల దగ్గర దగ్గరగా ఉంది. ఒకడు పొట్ట చుట్టూ పెరిగితే ఇంకొకడూ చాలావరకు అక్కడే పెరిగాడు.

"అది నాలెక్కనే తింటది, దానికేం కాదు, నాకే ఒంటికి పడ్తది" అని మన అక్కలు అంటారు చూడండి, వాళ్లు అబద్ధం ఆడడం లేదు. దాన్ని నమ్మాలి. సమానంగా తిన్నా సమానంగా ఒంటబట్టదు. డెన్మార్క్‌లో దత్తత పోయిన వాళ్ల మీద 1986లో వచ్చిన అధ్యయనంలో కూడా, 540 మంది పెద్దయ్యాక వాళ్ల ఒళ్లు పెంచిన వాళ్ల పోలికలో కాక కన్నవాళ్ల పోలికలో ఉందని తేలింది. కాబట్టి లావున్న మనిషిని చూసి తిండిపోతు అనే మాట మన మీటింగుల్లో బంద్ కావాలి. ఇది మా మొదటి తీర్మానం, దీనికి పైసలు కూడా అక్కర లేదు.

అయితే ఆ కవలల ముచ్చట్లో ఇంకో సగం ఉంది. అదనపు తిండి పెట్టకపోతే 4 కిలోల పిల్లగాడూ పెరగడు, 13 కిలోల పిల్లగాడూ పెరగడు. జన్యువు వాటా ఎంతో బయట పడింది తిండి పెరిగినాకనే.

2007లో ఎఫ్‌టీఓ అనే జన్యువు దొరికింది. మామూలు జనంలో బరువుతో సంబంధం ఉన్నదని గట్టిగా తేలిన మొదటి జన్యువు అది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా బరువు పెంచే రకమే అందిన వాళ్లు, అసలు అందని వాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉంటారు. మూడు కిలోలే. పత్రికల్లో దాన్ని "లావు జన్యువు" అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆ మరుసటి సంవత్సరం అమెరికాలో ఆమిష్ వాళ్ల మీద ఒక పరిశీలన వచ్చింది. ఆమిష్ వాళ్లు కార్లు నడపరు, గుర్రాలతో దున్నుకుంటారు, ఇంటి పనంతా చేతులతోనే. వాళ్లలోనూ ఎఫ్‌టీఓ రకం ఉన్నవాళ్లు ఉన్నారు. కాని మిగతా వాళ్లకంటే రోజుకు మూడు నాలుగు గంటలు ఎక్కువగా ఒళ్లు వంచి పనిచేసే వాళ్లలో ఆ జన్యువు ప్రభావం దాదాపు కనబడలేదు. 2011లో రెండు లక్షల మందికి పైగా లెక్కలు కలిపి చూస్తే, కాస్త కదిలే వాళ్లలో కూడా దాని ప్రభావం పావు వంతుకు పైగా తగ్గింది. జన్యువు ఎక్కడికీ పోలేదు. దాని ఆట సాగలేదు.

ఇదంతా పరాయి దేశాల సంగతి అంటారేమో. మన వాళ్ల సంగతి మన దగ్గరే ఉంది. మాకు అన్నిటికంటే ఇదే ముఖ్యమనిపించింది. 2005 నుంచి 2007 వరకు లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరులో పెద్ద పెద్ద కార్ఖానాల్లో ఒక అధ్యయనం జరిగింది. పల్లె నుంచి పని కోసం పట్నం వచ్చి స్థిరపడ్డ కార్మికులను, వాళ్ల భార్యలను లేదా భర్తలను తీసుకున్నారు. ఇంకా ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువును కూడా తీసుకున్నారు. పట్నంలోనే పుట్టి పెరిగిన వాళ్లనూ పక్కన పెట్టి పోల్చారు. మొత్తం ఆరున్నర వేల మంది. 2010లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్లలో స్థూలకాయం పట్నం వాళ్లలో నూటికి 42 మందికి, ఊరి నుంచి వచ్చిన వాళ్లలో 38 మందికి, ఊళ్లో ఉన్న తోబుట్టువుల్లో 19 మందికి ఉంది. షుగర్ పట్నంలో నూటికి 13, 14 మందికి, ఊళ్లో 6 మందికి. ఆడవాళ్లలో కూడా ఇదే తీరు.

ఒక్క కడుపున పుట్టిన వాళ్లు, ఒకే వంశం. ఒకరు నాగపూర్ బస్సెక్కారు, ఒకరు ఎక్కలేదు. స్థూలకాయం రెండింతలైంది. అదే బృందం తర్వాత చూసింది ఏందంటే, పట్నం చేరిన మొదట్లోనే ఒంట్లో కొవ్వు వేగంగా పెరుగుతుంది, బీపీ, షుగర్ వంటివి మెల్లమెల్లగా వెనుక వస్తాయి. మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ పోయిన మన కొడుకులు, కోడళ్లు గుర్తుకొస్తున్నారు కదా. పండుగకు వచ్చినప్పుడు "పట్నం నీళ్లు పట్టినయి" అని మురిసిపోతాం. ఆ మురిపెం కొంచెం తగ్గించుకుని నడుము కొలత అడగడం మంచిది.

ఈ లెక్క పదిహేనేండ్ల కిందటిది. అప్పటి ఊరు ఇప్పుడు లేదు. పట్నం పోకుండానే పట్నం మన ఇంటికి వచ్చింది. ఎనభై ఏండ్ల కింద హైమన్‌డార్ఫ్ దొర జైనూర్ మండలం మార్లవాయిలో ఉన్నప్పుడు ఈ ప్రాంతపు గోండుల తిండికి ఆధారం జొన్న. మా అవ్వల కాలం దాకా కూడా పొద్దున అంబలి, మాపటికి గట్క లేదా జొన్న రొట్టె. అన్నం పండుగ నాడు. ఇప్పుడు జొన్న చేనులో పత్తి ఉంది. అన్నం మూడు పూటలా ఉంది. బియ్యం రాకముందు ఆకలి ఎట్లుండెనో తెలిసిన వాళ్లు ఈ సభలో ఉన్నారు. అందుకే బియ్యాన్ని మేము తిట్టబోం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్న బియ్యం వస్తున్నాయి. ఒక గ్రామ సంఘం మీటింగులో ఒక పెద్దమ్మ అన్నది: "దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చె, సన్న మనుషులు పోయి దొడ్డు మనుషులు వచ్చిరి." అందరం నవ్వినం గాని, నాలుక్కి రుచి తగిలితే ఇంకో గంటె ఎక్కువ పోతుంది, అది నిజం.

జొన్న గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జొన్న తింటే సన్నబడతారని ఫోన్లలో తిరుగుతోంది. జొన్నలోనూ కేలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. తేడా పీచులో ఉంది. రొట్టె నమలాలి, నెమ్మదిగా అరుగుతుంది, రెండు రొట్టెలకు కడుపు నిండినట్టు ఉంటుంది. అన్నానికి ఆ అడ్డు లేదు. ఇంకో తేడా, ఆ జొన్నను ఇసుర్రాయిలో విసిరింది మన అవ్వలే.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశమంతటికీ తిండి లెక్కలు చెప్పేది అదే. 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక పెద్ద మనిషికి రోజుకు 2000 కేలరీల పళ్లెం ఎట్లుండాలో చెప్పింది. అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. మనం పద్దులు రాసే వాళ్లం, ఇదీ పద్దు వేసి చూద్దాం. రేషన్ మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. ధాన్యం దాదాపు అక్కడికే సరిపోయింది. దాని మీద కిరాణంలో కొన్న బియ్యం, ఉప్మా, గోధుమ పిండి అన్నీ అదనం. పప్పు చూడండి: రోజుకు 85 గ్రాములంటే మనిషికి నెలకు రెండున్నర కిలోలు, ఐదుగురి ఇంటికి పన్నెండు కిలోలకు పైన. చేతులెత్తమంటే ఈ హాలులో ఎన్ని చేతులు లేస్తాయి? నూనె అదే ఇంటికి నెలకు నాలుగున్నర ప్యాకెట్లు. ఇక్కడ చేతులెత్తమనం, అందరూ ఎత్తుతారు.

పప్పు లేని చోట అన్నం పెరుగుతుంది. తొక్కు ఒకటి ఉంటే పళ్లెం నిండా అన్నం లోపలికి పోతుంది. అత్త లావు, కోడలి రక్తహీనత ఒకే పొయ్యి మీదికి వచ్చింది ఇట్లనే. కడుపు నిండింది, ఒంటికి కావలసింది అందలేదు.

పని సంగతికి వద్దాం. బోరింగు కాడి నుంచి బిందెలు మోయడం తగ్గింది, నల్లా వచ్చింది. గిర్ని వచ్చింది, ఇసుర్రాయి మూలకు పోయింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. వీటిలో ఏదీ వద్దని మేము అనం, మళ్లీ బిందె నెత్తిన పెట్టుకోమనీ అనం. ఆ పనులు మనల్ని అరగదీసినయి, నడుములు వంగినయి. బడి పిల్లల యూనిఫాం కుట్టే పని సంఘాలకు వచ్చింది, సంతోషం, నాలుగు రూపాయలు వచ్చాయి. కాని ఆ నెలల్లో మెషిన్ ముందు నుంచి లేవని అక్కలు ఉన్నారు, చాయ్ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. పని మారితే తిండి కూడా మారాలి. పత్తి ఏరే రోజు తిన్నంత అన్నం కుట్టు మెషిన్ రోజున తింటే మిగిలింది నడుముకే పోతుంది. ఎవరికి ఎంత పోతుందో మాత్రం వంశం చూసుకుంటుంది.

నడుము అంటే ఇంకో సంగతి. మన దేశపు ఒంటి తీరే వేరు. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అనే డాక్టరు ఉన్నారు. ఆయన, ఇంగ్లండ్ డాక్టరు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ ఒకటే, 22.3. మిషన్‌లో కొలిస్తే ఇంగ్లండ్ డాక్టరు ఒంట్లో కొవ్వు నూటికి 9, మన డాక్టరు ఒంట్లో 21. పైకి ఇద్దరూ సన్నమే. యాజ్ఞిక్ 1993 నుంచి పుణే చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులను, వాళ్ల పిల్లలను చూస్తూ వచ్చారు. అక్కడ పిల్లలు సగటున 2.7 కిలోలతో పుడితే ఇంగ్లండ్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లలకు కండ తక్కువ, కాని కొవ్వు మాత్రం అంత తక్కువ కాదు. బక్కగా పుట్టి, లోపల కొవ్వుతో పుడుతున్నారు. అట్లాంటి పిల్ల తర్వాత బాగా తిండి దొరికే కాలంలో పెరిగితే షుగర్ తొందరగా పట్టుకుంటుంది. ఇందాక చెప్పిన ఎఫ్‌టీఓ జన్యువునే హైదరాబాద్ సీసీఎంబీలో గిరిరాజ్ రతన్ చాందక్ బృందం పుణే డాక్టర్లతో కలిసి మన వాళ్లలో పరీక్షించింది. 2009లో తేలింది ఏందంటే, మన వాళ్లలో దానికి షుగర్‌తో ఉన్న సంబంధం అంతా బరువు మీదుగానే నడవడం లేదు. బరువు అంతగా పెరగని వాళ్లకూ ప్రమాదం ఉంది.

అంటే తల్లి కడుపులోనే సగం కథ మొదలవుతుంది. దీన్ని వంశం అనాలా, తిండి అనాలా? ఆ తొమ్మిది నెలలు తల్లి తిన్నదే పిల్లకు వంశంలాగ మిగిలిపోతుంది. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి భోజనం ఉంది. గర్భిణికి అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీ లీటర్ల పాలు అక్కడే కూర్చుని తినాలని పెట్టారు. ఆ గుడ్డును కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి మొగపిల్లగానికి పెట్టే తల్లులను మేము చూస్తున్నాం. వాళ్ల మీద కోపం రాదు. కాని అత్తలు ఈ సభలో చాలామంది ఉన్నారు, ఆ గుడ్డు ఎక్కడ తినాలో చెప్పాల్సింది మీరే.

కొలత గురించి. మన వాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది కాబట్టి తూకం ఒక్కటే చాలదు. ఐదడుగుల ఎత్తున్న ఆడమనిషికి 53 కిలోలు దాటితే జాగ్రత్త పడాలని, 58 దాటితే స్థూలకాయమని మన దేశపు డాక్టర్ల లెక్క. అదే ఎత్తుకు తెల్లవాళ్ల లెక్కలో 69 కిలోల దాకా స్థూలకాయం అనరు. ఇంతకంటే సులువైంది టేపు. కుట్టు మెషిన్ ఉన్న ప్రతి ఇంట్లో ఉంది. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదిలినాక, కొంగు కుచ్చిళ్లు అడ్డం రాకుండా కొలవాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర ఇంచీలు. మొగవాళ్లకు 90. దాటితే భయపడాల్సింది లేదు, ఏఎన్ఎం దగ్గర షుగర్, బీపీ చూపించుకోవాలి. 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ సబ్ సెంటర్‌లో ఆ పరీక్ష ఎట్లాగూ ఉచితమే. తల్లికో తండ్రికో షుగర్ ఉన్న వాళ్లు టేపు ఏం చెప్పినా సరే, పోవాలి. "మా ఒళ్లే అంత" అనే మాటకు అసలు అర్థం ఇదే: మా ఇంట్లో ఉంది, కాబట్టి మేము ముందుగా చూపించుకోవాలి.

ఇక పైసల ముచ్చట. ఈ ఏడాది కొన్ని ఊళ్లలో బరువు తగ్గే పొడి డబ్బాలు అమ్మకానికి వచ్చాయి. సంఘం నుంచి అంతర్గత అప్పు తీసుకుని కొన్నవాళ్లు ఉన్నారు. ఒక గ్రామ సంఘంలో అప్పు ఇవ్వమంటే ఒక చెల్లె నిలబడి అడిగింది: "బర్రె కొనెతందుకు అప్పిస్తరు గని నా ఒంటికి ఇయ్యరా?" ఆ ప్రశ్న మాకు నచ్చింది. ఆడమనిషి తన ఒంటి కోసం అప్పు అడగడం తప్పు కాదు. అడగకపోవడం వల్లనే ఎన్నో గర్భసంచులు, ఎన్నో కండ్లు పాడైనయి. కాని ఆ పొడి చేసే పని ఏందో చూడాలి. పొద్దున, మాపటికి అన్నం మాని పొడి తాగుతారు, తిండి తగ్గింది కాబట్టి బరువు దిగుతుంది. డబ్బా అయిపోతుంది. ఒంట్లో కొవ్వు తగ్గితే ఇందాక చెప్పిన లెప్టిన్ తగ్గుతుంది, మెదడుకు "నిల్వ పడిపోయింది" అని కబురు పోతుంది, ఆకలి మునుపటికంటే ఎక్కువ పుడుతుంది. మళ్లీ అన్నం మొదలవుతుంది. బరువు తిరిగి వస్తుంది, కిస్తు మిగులుతుంది. అప్పుడు ఆమె అనుకుంటుంది, నాలోనే పట్టుదల లేదని. పట్టుదల సంగతి కాదు, ఒళ్లు తన నిల్వను కాపాడుకునే తీరే అది. ఏండ్ల తరబడి చేయగలిగిన చిన్న మార్పే నిలబడుతుంది.

నోటి నీళ్లు పంపితే ఏ తిండి తినాలో చెప్తామని జన్యు పరీక్షలు అమ్మే వాళ్లు కూడా ఫోన్లలో కనబడుతున్నారు. జన్యువులు ఏ రకమని తేలినా పళ్లెంలో పప్పు పెంచమని, అన్నం తగ్గించమని, నడవమనే చెప్పాలి. అది మేము ఊరికే చెప్తున్నాం.

అప్పు విషయంలో ఉపసంఘం ప్రతిపాదన ఇది. పొడి కోసం అప్పు నిషేధం అని రాయడం మాకు ఇష్టం లేదు, నిషేధిస్తే బయట మిత్తికి తెస్తారు. అడిగిన చెల్లె ముందుగా సబ్ సెంటర్‌లో షుగర్, బీపీ, నడుము కొలత చూపించుకుని ఆ చీటీ మీటింగులో పెట్టాలి. డాక్టరు మందులు రాస్తే, లేదా థైరాయిడ్ లాంటి పరీక్ష చేయించమంటే, దానికి అప్పు అదే రోజు ఇవ్వాలి. చీటీ పెట్టాక కూడా పొడే కావాలంటే అది ఆమె ఇష్టం, సంఘం ముందు మాట్లాడి తీసుకుంటుంది. దీని మీద మీలో రెండు అభిప్రాయాలు ఉన్నాయని తెలుసు. భోజనాల తర్వాత చర్చకు పెడతాం.

రెండోది పప్పు. మన చేలల్లో పత్తి సాళ్ల మధ్య కంది ఉంది. సంక్రాంతి ముందర కోసి, రేటు ఎంతుంటే అంతకు అమ్మేసి, ఉగాది నాటికి కిరాణంలో అదే పప్పును ఎక్కువ పెట్టి కొంటున్నాం. కొనలేని నెల మానేస్తున్నాం. ఇంటికి మనుషుల లెక్కన కందులు ఉంచుకున్నాకనే మిగతావి అమ్మాలని, చేను లేని వాళ్లకు గ్రామ సంఘమే ఊళ్లోనే కొని పప్పు పట్టించి అసలు ధరకు ఇవ్వాలని అనుకుంటున్నాం. ఎన్ని ఇండ్లు, ఎన్ని కిలోలు, ఏ గిర్ని, బస్తాలు ఎవరింట్లో ఉంచాలి, ఇవన్నీ తేలాలి. వచ్చే నెల మీటింగుకు ప్రతి గ్రామ సంఘం లెక్క రాసుకుని రావాలి. వీఓఏలు రిజిస్టరులో దానికో పేజీ తీయండి, పక్కన నడుము కొలతకు ఒక గడి గీయండి. టేపులు మీరే తెచ్చుకోండి, సమాఖ్య దగ్గర ఒక్కటే ఉంది.